మా అమ్మ ఏ గడిలో పడుద్ది?

1996 ఫిబ్రవరిలో మూడు రోజులపాటు మా ఊరి పక్క రోడ్డు మీద, రావిచెట్టు కింద కూర్చొని బళ్ళు లెక్కపెట్టాను. అప్పుడు నేను రవాణా ఇంజనీరింగులో ఎం.టెక్. చేస్తున్నాను. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ముందు దాని మీద ఎంత రాకపోక వుందో తేల్చాలి. దాన్ని ట్రాఫిక్ కౌంట్ అంటారు. క్లిప్పున్న అట్ట, కాయితం, రెండు పెన్సిళ్ళు, చేతిగడియారం. ఇవే పరికరాలు. కాయితం మీద గళ్ళుంటాయి. కారు, బస్సు, లారీ, ట్రాక్టరు, ఆటో, స్కూటరు, సైకిలు, రిక్షా, ఎద్దుబండి. పావుగంటకొక వరస. బండి పోతే దాని గడిలో ఒక గీత పెట్టాలి. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా.

రెండో రోజు పొద్దున ఆరింటప్పుడు మా అమ్మ వచ్చింది. మిరపకోతల కాలం. మా మాదిగపల్లె ఆడోళ్ళు మూడు ముఠాలుగా బయల్దేరి, రోడ్డు వెంబడి నడిచి, రెండు మైళ్ళ అవతల రోడ్డు దాటి చేలల్లోకి పోతారు. చేతిలో సద్దిగిన్నెలు, నెత్తికి చుట్టిన తువ్వాళ్ళు. మా అమ్మ నా దగ్గర ఆగి, "తిన్నావంటరా అబ్బయ్యా?" అనడిగింది. ఆమె పక్కనున్న వదిన వరసామె నా కాయితంలోకి తొంగిచూసింది.

"ఏందయ్యా రాస్తన్నావు?"

"ఈ రోడ్డు మీద ఏమేం పోతన్నాయో రాస్తన్నా వదినా."

"అయితే మమ్మల్ని గూడా రాసుకో మరిదీ. మేమూ పోతన్నాం గదా."

ముఠా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ళు నా ముందు నుంచే నడిచిపోయారు. నా చేతిలో పెన్సిలుంది. గీత ఎక్కడ పెట్టాలి? నడిచే మనిషికి గడి లేదు. వాళ్ళ వెనకాలే ఒక కారొచ్చింది. కారు గడిలో గీత పెట్టాను.

నేను అబద్ధం రాయలేదు. ఆ మూడు రోజుల్లో నేను పెట్టిన ఏ గీతా దొంగ గీత కాదు. నిద్రొస్తే మొహం మీద నీళ్ళు కొట్టుకొని మరీ లెక్కపెట్టాను. కానీ ఆ కాయితాన్ని మొత్తం కలిపి చదివితే, ఈ రోడ్డు మీద ఎవరూ నడవరు అని చెబుద్ది. ఒక్కొక్క గీతా నిజమై, కాయితం మొత్తం అబద్ధమైతే, ఆ అబద్ధం ఎవరిది? నా చదువంతా, నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. దీనికి నేను నాకు చెప్పుకున్న జవాబులేవో, వాటిలో ఏది నిలబడిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు మాకు రోడ్డంటే ఏమిటో చెప్పాలి.

మా నాయన తోలుపని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు. మోటబావులకు తొండాలు కుట్టేవాడు. ఎద్దుల బండికి కావలసిన వార్లు, చర్నాకోలలు ఆయన చేతిమీదే తయారయ్యేవి. మనిషి ప్రయాణానికి మొదటి సాధనం చక్రం కాదు, చెప్పు. ముల్లూ రాయీ ఎండా వున్న నేల మీద మనిషి పది మైళ్ళు నడిచి పోగలిగాడంటే, చచ్చిన గొడ్డు తోలును పదును చేసి, పాదాన్ని కొలిచి, అట్ట కోసిన మాదిగ చేతి విద్యే కారణం. దాన్ని ఏ యూనివర్సిటీ రవాణా ఇంజనీరింగు అనలేదు. ఆ చెప్పులు కుట్టిన మా తాత మాత్రం ఊరి బజారు మొదట్లోనే తన చెప్పులు విడిచి చేతబట్టుకొని నడిచేవాడంట. చెప్పు చేసినవాడికి చెప్పేసుకొని నడిచే దారి లేదు.

రోడ్డు ఎవరిది అనే ప్రశ్న నేను చదివిన ఇంజనీరింగు పుస్తకాల్లో ఎక్కడా రాలేదు. మన చరిత్రలో మాత్రం అది మొదటి ప్రశ్నల్లో ఒకటి. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కొని, తలపాగా చుట్టుకొని, తనవాళ్ళకు కూడదన్న రోడ్డు మీద ఆ బండెక్కి పోయాడు. కొట్లాటలు జరిగాయి. అయినా పోయాడు. 1924లో వైకంలో సత్యాగ్రహం జరిగింది గుళ్ళోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడవడానికి. నడవడం అనేది కాళ్ళున్న ప్రతివాడికీ పుట్టుకతో వచ్చే హక్కు అనుకుంటారు. మనకది పోరాడి తెచ్చుకున్న హక్కు.

ఇంత తెలిసినవాణ్ణి ఇంజనీరింగుకెందుకు పోయానంటే, అంకెలకు కులం లేదనుకున్నాను గనక. బళ్ళో తెలుగు క్లాసులో నా మాట వింటే నవ్వేవాళ్ళు. చరిత్ర క్లాసులో మేం అసలు లేనే లేం. లెక్కల క్లాసులో మాత్రం జవాబు సరైతే సరే. ఆ లెక్క ఎవడు చేశాడని లెక్క అడగదు. నేను అంకెల దగ్గరికి పోయింది జ్ఞానం కోసం ఎంతో, తలదాచుకోడానికీ అంతే. ఈ మాట ఒప్పుకోకపోతే తర్వాత చెప్పబోయేది మీకర్థం కాదు.

రోడ్డు మీద పోయేవన్నీ ఒకే రకం కాదు. లారీనీ సైకిల్నీ ఎట్లా కలుపుతాం? అందుకని అన్నిటినీ ఒకే కొలతలోకి మారుస్తారు. దాని పేరు ప్యాసింజర్ కార్ యూనిట్. కారు అంటే ఒకటి. మిగతావన్నీ కారుతో పోల్చి ఎంతో చెబుతారు. ఊళ్ళ మధ్య రోడ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో వేసిన మార్గదర్శకంలో ఆ పట్టిక వుంది. మోటారు సైకిలు అర. సైకిలు అర. రిక్షా రెండు. బస్సు మూడు. లారీ మూడు. తోపుడుబండి మూడు. గుర్రపుబండి నాలుగు. పెద్ద ఎద్దుబండి ఎనిమిది. నడిచే మనిషికి అంకే లేదు. సున్నా గూడా కాదు. సున్నా అయితే పట్టికలో వుండేది.

కౌంటు ముగించుకొని వెనక్కి వచ్చినాక మా గైడు సారుని ఒకసారి అడిగాను. "సార్, నడిచేవాళ్ళ సంగతి?" ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పారు. "నడిచేవాళ్ళు తారు మీద వుండరు గదయ్యా, మార్జిన్లో వుంటారు. రోడ్డు కెపాసిటీని వాళ్ళు తినరు. మనం కొలిచేది కెపాసిటీ. నీ బాధ సామాజికం. మనది ఇంజనీరింగు."

నేను రెండోసారి అడగలేదు. ఎందుకంటే, ఆ ముందు సెమిస్టర్లోనే హాస్టలు గదిలో ఒకడు నా వెనకాల అన్న మాట నా చెవినబడింది. వీళ్ళు ప్రతిదానికీ కులం తెస్తారు, అన్నాడు. రిజర్వేషన్లో వచ్చినవాడు పట్టికను ప్రశ్నిస్తే, పట్టిక అర్థంగాక అడుగుతున్నాడంటారు. అదే ప్రశ్న ఇంకొకడు వేస్తే ఒరిజినల్ థింకింగ్ అంటారు. నాకు పట్టిక అర్థమైంది. అర్థమైందని నిరూపించుకోడానికి నోరు మూసుకున్నాను.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. ఆ పట్టిక మనుషుల విలువ పట్టిక కాదు. ఎద్దుబండి ఎనిమిది అంటే దాని గౌరవం ఎనిమిదని కాదు. అది నిదానంగా పోద్ది గనక, వెనకొచ్చే బళ్ళకు ఎనిమిది కార్లంత అడ్డం అవుద్దని. పట్టికను చూసి ఇదిగో మనుస్మృతి అని అరిస్తే అది తేలిక మాటవుద్ది. నేనట్లా అరవను. నా ప్రశ్న వేరు. అడ్డం ఎవరికి? కారును ఒకటి అన్న క్షణంలోనే రోడ్డు కారుదైపోయింది. మిగతావాళ్ళంతా దాని దారికి ఎంతెంత అడ్డమో చెప్పుకునే వాళ్ళయ్యారు. మనిషిని ఒకటి అనుకొని మొదలుపెట్టి చూడండి. అరవైమందితో పోయే బస్సు మూడు యూనిట్లు తీసుకుంటే, మనిషికి యూనిట్లో ఇరవయ్యో వంతు. ఇద్దరు కూర్చున్న కారు ఒక యూనిట్ తీసుకుంటే, మనిషికి సగం. పదిరెట్లు. ఇప్పుడు ఎవరికెవరు అడ్డం? లెక్క అదే. గణితం మారలేదు. ఒకటి అని ఎవర్ని పిలిచామో అది మారింది.

అంబేద్కర్ కులాన్ని అంతస్తుల అసమానత అన్నారు. ప్రతివాడికీ పైన ఒకడు, కింద ఒకడు. అందుకే ఎవడూ మొత్తం మేడను కూల్చడు. ఆ మేడలో అందరికంటే కిందివాడి పైన గూడా బరువుంటుంది గానీ, మేడ బయట వున్నవాడి సంగతి వేరు. వాడికి కింది అంతస్తు గూడా లేదు. పంచముడంటే ఐదోవాడని కాదు, నాలుగింట్లో లేనివాడని. పట్టికలో తక్కువ అంకె రావడం ఒక బాధ. పట్టికలోనే లేకపోవడం ఇంకొకటి. తక్కువ వచ్చినవాడు ఎక్కువ కావాలని అడగొచ్చు. లేనివాడు ముందు నేనున్నానని చెప్పుకోవాలి. మా అమ్మ ముఠా నవ్వుతూ అడిగింది అదే. మేమూ పోతన్నాం గదా.

2003లో ఆ రోడ్డు నాలుగు వరసలయింది. కంకర తట్టలు మోసిన వాళ్ళలో మా పల్లె ఆడోళ్ళున్నారు. మధ్యలో డివైడరు కట్టారు. చేలల్లోకి మళ్ళే దారి దగ్గర దానికి సందు వదల్లేదు. సందు అరకిలోమీటరు అవతల, పెట్రోలు బంకు ఎదురుగా వుంది. పొద్దున్నే ఆరింటికి చేలో వుండాల్సిన మనిషి అరకిలోమీటరు పోయి మళ్ళీ అరకిలోమీటరు వెనక్కి రాదు. ముఠామేస్త్రి ఊరుకోడు. డివైడరెక్కి దాటడం మొదలుపెట్టారు. 2005లో మా పిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు, సద్దిగిన్నె చేత్తో పట్టుకొని డివైడరు దిగుతుండగా కారు గుద్దింది. ఆసుపత్రికి చేరలేదు. అప్పటికి నేను ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాను. పాఠం పేరు ట్రాఫిక్ ఇంజనీరింగు.

దినకర్మలయినాక ఒక రాత్రి కూర్చొని లెక్క వేశాను. నడిచేవాళ్ళ కోసం మన ఇంజనీరింగులో ఏమీ లేదని కాదు. అప్పట్లో 1988లో వచ్చిన మార్గదర్శకం ఒకటుండేది. బళ్ళను ఆపి మనుషుల్ని దాటించే ఏర్పాటు ఎక్కడ పెట్టాలో అది చెప్పేది. గంటకు రోడ్డు దాటే మనుషుల సంఖ్యను, గంటకు పోయే బళ్ళ సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడరు లేని రోడ్డయితే వచ్చింది పదికోట్లు దాటాలి. డివైడరు వుంటే ఇరవై కోట్లు దాటాలి. మా ముఠాలు మూడు. ముఠాకు ఇరవైమంది. గంటకు అరవైమంది అనుకుందాం. బళ్ళు గంటకు ఐదొందలనుకుందాం. అరవై ఇంటూ ఐదొందలు ఇంటూ ఐదొందలు, కోటీ యాభై లక్షలు. చాలదు. ఐదొందల బళ్ళకు పదికోట్లు రావాలంటే నాలుగొందల మంది దాటాలి. డివైడరు పడ్డాక ఎనిమిదొందల మంది దాటాలి. మా పల్లెలో ఉయ్యాల్లో పిల్లలతో, మంచాన పడ్డ ముసలోళ్ళతో కలిపినా ఎనిమిదొందల మంది లేరు. రోడ్డు వెడల్పయ్యే కొద్దీ దాటే హక్కు మాకు దూరమయింది.

ఆ సూత్రం రాసినవాళ్ళు మూర్ఖులు కాదు. మనుషులకూ బళ్ళకూ ఎక్కడ ఎక్కువ తాకిడి వుంటుందో పసిగట్టడానికే రాశారు. పట్నంలో రద్దీ వీధికి అది పనికొస్తుంది. కానీ అది వేగాన్ని చూడదు. బళ్ళు తక్కువున్న చోటే బండి వేగంగా పోద్ది. తక్కువమంది దాటే చోటే డ్రైవరు మనిషిని ఊహించడు. మా పిన్నమ్మ చచ్చింది రద్దీ వల్ల కాదు. ఖాళీ రోడ్డు వల్ల. ఇంకొకటి గమనించండి. ఆ సూత్రంలో బళ్ళకు వర్గముంది. మనుషులకు లేదు. మన భాషలో ఆ మాటకు రెండు అర్థాలుండటం వట్టి కాకతాళీయమే. నాకు మాత్రం ఆ రాత్రి అట్లా అనిపించలేదు.

పోలీసు కాయితంలో ఏం రాశారు? మృతురాలు అకస్మాత్తుగా అడ్డం వచ్చింది. మళ్ళీ అదే మాట, అడ్డం.

ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల నివేదికల్లో కారణం అనే కాలమ్ వుంటుంది. ఏళ్ళ తరబడి అందులో మూడొంతులు డ్రైవరు తప్పే. లేకపోతే నడిచేవాడి తప్పు, సైకిలువాడి తప్పు. రోడ్డును అట్లా గీసినవాడి తప్పు ఆ కాలమ్‌లో కనపడటం అరుదు. ఈ కాలమ్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు 1929లో చాలీస్‌గావ్ గుర్తొస్తుంది. బాబాసాహెబ్ తన అనుభవాల్లో రాసుకున్నారు. అంటరానివాళ్ళ ఇబ్బందులు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా ఆయన ఆ ప్రాంతంలో తిరుగుతున్నారు. చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే మహర్‌వాడ వాళ్ళు తీసుకుపోవడానికొచ్చారు. టాంగా వాళ్ళెవరూ అంటరానివాణ్ణి కూర్చోబెట్టుకొని తోలమన్నారు. బారిస్టరైనా సరే. అతిథిని నడిపించుకుపోతే ఆయనకు అవమానమని వాడవాళ్ళు బాధపడ్డారు. చివరకు టాంగా బాడుగకిస్తాం, తోలేవాణ్ణి మాత్రం ఇవ్వం అని ఒప్పందమయింది. వాడలో ఒకాయన తోలడం రాకపోయినా పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన మీద చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ రాళ్ళ మీదికి ఎగిరిపడ్డారు. గుర్రమూ బండీ ఏట్లో పడ్డాయి. ఆయన కాలు విరిగింది.

ఇప్పుడు ఈ ప్రమాదాన్ని మన ఫారంలో నింపండి. కారణం? డ్రైవరుకు తోలడం రాదు. డ్రైవరు తప్పు. మరమ్మతు? డ్రైవర్లకు శిక్షణ ఇవ్వాలి. ఫారం ఎక్కడా అబద్ధం చెప్పలేదు చూడండి. తోలడం రానివాడే తోలాడు, నిజమే. వాడు ఎందుకు తోలాల్సొచ్చిందో అడిగే గడి లేదు, అంతే. నా 1996 కాయితం లాంటిదే అది గూడా. గీతలన్నీ నిజం, కాయితం అబద్ధం.

ఇక నేను నాకు చెప్పుకున్న జవాబుల సంగతి.

మొదటిది, ఆ ఫారం నేను తయారు చెయ్యలేదు గదా. నిజమే. కానీ ఈ జవాబు నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. ఊళ్ళో హోటలు దగ్గర మా నాయనకు వేరే గ్లాసులో టీ పోసినవాడు గూడా ఇదే చెప్పేవాడు. "ఈ పద్ధతి నేను పెట్టింది కాదు గదరా, ముందు నుంచీ వుంది." పద్ధతి పెట్టినవాడు ఎప్పుడో చచ్చిపోయి వుంటాడు. రోజూ టీ పోసేవాడే దాన్ని బతికిస్తాడు.

రెండోది, నేను గడి గీసినా రోడ్డు అట్లాగే పడేది గదా. కావొచ్చు. ఒక ఎం.టెక్. విద్యార్థి కాయితం మార్జిన్లో రాసిన అంకెను చూసి ఎవరూ డివైడరుకు సందు పెట్టరు. కానీ ఫలితం రాదనే లెక్కతో నిజం వదిలేసేవాణ్ణి పరిశోధకుడనకూడదు. గుమస్తా అనాలి. ఆ అంకె వుండివుంటే, 2005లో మా పల్లెవాళ్ళు రోడ్డు మీద బైఠాయించినప్పుడు చూపించడానికి ఒక కాయితమన్నా వుండేది. ఇక్కడ ఎవరూ దాటరని మా సర్వేలో తేలింది అని ఆఫీసరు చెప్పినప్పుడు, ఆ సర్వే చేసింది మీవాడే అని ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

మూడోది అన్నిటికన్నా గట్టిది. ఇందులో కులమేముంది, నడిచేవాళ్ళందరికీ ఇదే గదా? నిజంగానే రోడ్డుకు కులం తెలియదు. కారు గుద్దేటప్పుడు ఎవరు నువ్వని అడగదు. కానీ ఆ రోడ్డు మీద పొద్దున్నే నడిచేదెవరు? చేను గలవాడు మోటారు సైకిలు మీద పోతాడు. చేలో కూలికి పోయేవాళ్ళు నడుస్తారు. మా వైపు చేను ఎవరిదో, కూలి ఎవరిదో నేను చెప్పాలా? 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం, ఎట్లా పోతారని వివరం తీశారు. మంచి పని. కానీ అది 'ఇతర కార్మికులకు' మాత్రమే. రైతులూ వ్యవసాయ కూలీలూ అందులో రారు. చేనుకు పోవడం రోడ్డు మీద ప్రయాణం కాదన్నమాట. కూలీల్ని వదిలేసి నడకను లెక్కపెట్టాక, ఆ లెక్కలో కులం లేదని చెప్పడం సులువే. లేకుండా చేసింది లెక్కే గదా.

ఇంకో లెక్క వుంది. రోడ్డు మీద ఖర్చు పెట్టేముందు దాని వల్ల లాభమెంతో కడతారు. ఎంతమంది ప్రాణాలు మిగులుతాయో గూడా రూపాయల్లో కడతారు. అందుకు ఎక్కువగా వాడే పద్ధతి, చచ్చినవాడు బతికుంటే ఎంత సంపాదించేవాడో చూడటం. ఆ పద్ధతిలో కూలిమనిషి ప్రాణం చౌక. ప్రయాణికుల టైముకీ అంతే. కారులో కూర్చున్నవాడి గంటకొక రేటు, బస్సులో నిలబడ్డవాడి గంటకొక రేటు. కూలి తక్కువిచ్చినందుకు ఒకసారి నష్టపోతాం. తక్కువ కూలి గనక ప్రాణం గూడా తక్కువని రెండోసారి నష్టపోతాం. మొదటిదాన్ని అన్యాయమంటారు. రెండోదాన్ని అర్థశాస్త్రమంటారు.

ఇదంతా విజ్ఞాన శాస్త్రం మీద కోపంతో రాస్తున్నది కాదు. నన్ను మనిషిని చేసింది ఆ చదువే. ఈ చదువులోనే వేరే దారి పట్టినవాళ్ళూ వున్నారు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో దినేశ్ మోహన్, గీతం తివారీ లాంటివాళ్ళు నడిచేవాళ్ళనీ సైకిలువాళ్ళనీ బస్సెక్కేవాళ్ళనీ పరిశోధన మధ్యలోకి తెచ్చారు. 2021లో చనిపోయిన దినేశ్ మోహన్, పల్లెల్లో గడ్డి కోసే మిషన్లలో చేతులు తెగేవాళ్ళ మీద గూడా పనిచేశాడు. యాక్సిడెంట్ అనే మాట వాడొద్దనేవాడు. తలరాత అన్నట్టుంటుంది గనక. అదే గణితం, అదే భౌతికశాస్త్రం. మొదట ఎవర్ని చూడాలన్నది వేరు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. అందులో 32,825 మంది నడుస్తూ చచ్చిపోయినవాళ్ళు. ఐదుగురిలో దాదాపు ఒకరు. నడిచేవాడు బతికుండగా పట్టికలోకి రాలేదు. చచ్చినాక వచ్చాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గడి వున్నంత మాత్రాన న్యాయం జరగదు. పల్లె రోడ్ల కోసం 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నియమాలు చదవండి. రోడ్డు లేని నివాసమంటే, మైదాన ప్రాంతంలో రోడ్డుకు గానీ రోడ్డున్న నివాసానికి గానీ కనీసం ఐదొందల మీటర్ల దూరంలో వున్నది. మా పల్లె ఊరికి నాలుగొందల మీటర్లు. అంటే మాకు రోడ్డున్నట్టే. అర్ధకిలోమీటరు లోపలి నివాసాల జనాభాను కలిపి లెక్కించుకోవచ్చని గూడా ఆ నియమాల్లోనే వుంది. రోడ్డు తెచ్చుకునేటప్పుడు మా తలకాయలు ఊరి లెక్కలో కలుస్తాయి. రోడ్డు పడ్డాక తారు ఊరి మొదట్లో ఆగుద్ది. నియమం రాసినవాడి మనసులో వాడ లేకపోయి వుండొచ్చు. వాడ లేకపోవడమే నేను చెప్పేది. అందుకే లెక్కలోకి రావడం చాలదు. ఎవరి చేత్తో, ఎందుకోసం లెక్కలోకి వస్తున్నామో గూడా మనమే చూసుకోవాలి.

2006 నుంచి నేను చేసే ప్రతి సర్వేలో నడిచేవాళ్ళ గడి చేత్తో గీసి కలుపుతున్నాను. ఫార్మాట్లో లేదు గదా అన్నారు. వుండాలి గదా అన్నాను. ఎక్కువసార్లు ఆ అంకెలు నివేదిక చివరి అనుబంధంలోకి పోయాయి. రెండుచోట్ల డివైడరుకు సందు పడింది, ఒకచోట బళ్ళ వేగం తగ్గించే గట్టు పడింది. అంతే. దీన్ని విజయమని చెప్పుకోడానికి నాకు సిగ్గు. మా పిన్నమ్మ దాటిన చోట ఇప్పటికీ సందు లేదు.

నా దగ్గరికి చదువుకోడానికొచ్చే పిల్లల్లో మన వాడల నుంచి వచ్చినవాళ్ళుంటారు. వాళ్ళ కళ్ళల్లో నేను నన్ను చూస్తాను. అంకెల వెనక దాక్కోవాలని వచ్చినవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పట్టికను బాగా నేర్చుకోండి. మీకంటే బాగా ఇంకెవరికీ రాకూడదు. నేర్చుకున్నాక, ఇందులో ఒకటి అని ఎవర్ని పిలిచారో అడగండి. కులం తెస్తున్నావంటారు. తేవడం లేదు, వున్నదాన్ని లెక్కపెడుతున్నానని చెప్పండి. నేను ఆ మాట చెప్పడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో ఒక మనిషి పోయింది. నాకు తలదాచుకునే చోటు దొరికింది గానీ, దాని అద్దె ఆమె కట్టింది.

సర్వేకు పోయేటప్పుడు పిల్లలకు నేనిచ్చే కాయితంలో చివరి గడికి పేరు పెట్టను. రోడ్డు మీద కూర్చొని, కళ్ళారా చూసి, అక్కడ ఏ గడిలోనూ పడని వాళ్ళెవరో తేల్చుకొని ఆ పేరు వాళ్ళే రాయాలి. కొందరు నడిచేవాళ్ళు అని రాస్తారు. ఒకమ్మాయి నెత్తిన మోపుతో నడిచేవాళ్ళు అని విడిగా రాసింది, వాళ్ళకు పక్క చూపు ఆనదు గనక. నాకు తోచని సంగతి అది. కొందరు ఖాళీగానే తెస్తారు. వాళ్ళను నేను తిట్టను. ఆ ఖాళీ గడి కాయితం వాళ్ళకే తిరిగిచ్చి, మళ్ళీ రేపు పొద్దున ఆరింటికి పోయి కూర్చోమంటాను.